గల్లా దిగిన పెద్దలకు వ్యాసంగము

మన యిండ్లలో పెద్దలు పని విరమించుట రెండు విధములుగా జరుగుచున్నది. రైల్వేలోనో, మిల్లులోనో, పాఠశాలలోనో కొలువు చేసినవారికి ఆ తేదీ ముందే తెలియును. ఆనాడు పూలమాల వేసి, నాలుగు మంచిమాటలు చెప్పి సాగనంపుదురు. మరునెల నుండి పింఛనో, దాచుకొన్న సొమ్ముపై వడ్డీయో చేతికి వచ్చును. అంగడి నడపినవారికి అట్టి తేదీ లేదు. మోకాళ్ల నొప్పి యని ఒక సంవత్సరము సాయంకాలపు బేరములు కుమారునికి విడుతురు. మరుసటి సంవత్సరము సరకు కొనుటకు ఊళ్లు తిరుగుట మానుదురు. ఒకనాడు గల్లాపెట్టె తాళపుచెవి కుమారుని మొలకు చేరును. సభ లేదు, పూలమాల లేదు. మరునాడు కూడ అలవాటు చొప్పున అయిదు గంటలకే మెలకువ వచ్చును గాని, లేచి చేయవలసిన పని యుండదు.

"నాన్నగారికి పొద్దు పోవుట లేదు, ఏమి చేయుమందురు?" అను ప్రశ్న మా చెవిని తరచుగా పడుచున్నది. అంగడి యెదుట నిలిచి అడుగువారున్నారు. సంఘపు సమావేశము ముగిసి చెప్పులు తొడుగుకొనుచు అడుగువారున్నారు. ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున అరువది యేండ్లు నిండినవారు 10 కోట్ల 38 లక్షల మంది. దేశము మొత్తముమీద నూటికి 8.6 మంది పెద్దలుండగా, మనము తరతరములుగా వసించుచున్న తమిళనాట నూటికి 10.4 మంది యుండిరి. అరువదవ యేట పని విరమించి ఎనుబది వరకు ఆరోగ్యముగా జీవించువారు నేడు ప్రతి వీధిలోను కానవత్తురు. ఇరువది యేండ్లనగా ఒక బిడ్డ పుట్టి పెండ్లీడునకు వచ్చునంత కాలము. అంత కాలమును గోడకు చేరగిలబడి గడపుమని తండ్రికి చెప్పుట న్యాయము కాదు.

సాధారణముగా కుమారులు చేయు ఏర్పాట్లు మూడు. మొదటిది పెద్ద టెలివిజను. రెండవది చేతిఫోను. మూడవది ఇంటి చిల్లర పనులు: పాలు తెచ్చుట, మనుమలను బడి బండి యెక్కించుట, కరెంటు బిల్లు కట్టి వచ్చుట. ఈ మూడింటిలో ఏదియు చెడ్డది కాదు. అయినను టెలివిజను తన యెదుట కూర్చున్నవానిని ఏమియు అడుగదు. ఆయన నిద్రపోయినను అది తన పాట తాను పాడుచునే యుండును. చేతిఫోను ఊరివారి తగవులనన్నింటిని ఇంటిలోనికి తెచ్చి, తెల్లవారకముందే మనస్సును కలత పెట్టును. ఇక చిల్లర పనులు ఇంటివారికి ఆయన చేయు సాయము. అందుకు మనము కృతజ్ఞులమై యుండవలెను. సాయమును వ్యాసంగమని పిలిచి మన బాధ్యత తీరినదనుకొనుట సరికాదు. వేసవి సెలవులలో బడి బండి రానినాడు ఆ పెద్దకు ఏమి మిగులును?

ఆంగ్లము వచ్చినవారు హాబీ యనునదియు, మనము వ్యాసంగమనునదియు ఒక్కటే. తృప్తినిచ్చు వ్యాసంగమునకు మూడు లక్షణములుండవలెనని మా అభిప్రాయము. మొదటిది, అది ఆ మనిషి కోరుకొన్నదై యుండవలెను. రెండవది, నిన్నటికంటె నేడు కొంచెము మెరుగుగా చేయగలుగునట్టిదై యుండవలెను. నేర్చుకొనుటకు హద్దు లేనిదే మనస్సును పట్టి నిలుపగలదు. మూడవది, దాని ఫలితము కొరకు ఎదురుచూచువారు ఒక్కరైనను ఉండవలెను. మేము వర్తకులము గనుక మా భాషలో చెప్పెదము: ఏ సరకైనను గిరాకీ లేకున్న కొట్టులో మురిగిపోవును. పెద్దల నేర్పు కూడ అట్టిదే. నలువది యేండ్లు ఉదయము తలుపు తీయగనే "ఉన్నదా?" అని అడుగువారి మధ్య బ్రతికిన మనిషిని, ఒక్కరును ఏమియు అడుగని దినము కుంగదీయును. కావున పెద్దలకు వ్యాసంగమును వెదకుట యనగా, వారి చేతి నేర్పునకు మరల గిరాకీ కల్పించుట యని మేము తలచుచున్నాము.

అది యేదో కనుగొనుట యెట్లు? తిన్నగా "నీకేమి కావలెను నాయనా?" అని అడిగినచో రాగల సమాధానము మనకందరికి తెలిసినదే. "నాకేమి కావలెనురా, మీరు చల్లగా ఉంటే చాలును" అందురు. దానితో సంభాషణ ముగియును. అడుగవలసిన ప్రశ్న వేరు. పదునైదు, పదునారేండ్ల వయస్సున అంగడిలోనో, మిల్లులోనో చేరుటకై ఆయన ఏది విడిచిపెట్టెను? కొందరు హార్మోనియము విడిచిరి. కొందరు చదువు విడిచిరి. కొందరు కోలాటము, చెక్కభజన విడిచిరి. చిత్రములు గీయువారు, పటములు చేసి యెగురవేయువారు, పావురములను పెంచువారు ఆ పనులనెల్ల సంసారము కొరకు అటకెక్కించిరి. ఆ జాబితా మన తండ్రులను అడిగి తెలిసికొన్నవారు మనలో నూటికి ఎందరు? సాయంకాలము పక్కన కూర్చుండి, తొందరపెట్టక, ఆ చిన్ననాటి మాట కదపినచో దారి దొరకును. ఒక్కనాటితో దొరకకపోవచ్చును, నాలుగు సాయంకాలములు పట్టినను నష్టము లేదు.

వ్యాసంగము చెప్పుటకు ముందు కన్నులను, చెవులను పరీక్ష చేయింపవలెను. చాల యిండ్లలో "నాన్నగారికి దేనిమీదను ఆసక్తి లేదు" అనుమాటకు అసలు కారణము శుక్లములు ముదిరి అక్షరములు కనబడకపోవుటయో, చెవులు మందగించి నలుగురిలో మాటాడుటకు సిగ్గుపడుటయో అయి యుండును. మతిమరపు వ్యాధిని గూర్చి లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన నిపుణుల మండలి 2024లో ప్రకటించిన నివేదికలో, సవరింపదగిన కారణములు పదునాలుగు పేర్కొన్నది. చికిత్స లేక విడిచిన చూపు లోపము, వినికిడి లోపము, ఒంటరితనము, శరీరమునకు కదలిక లేకపోవుట అందులోనివి. ఈ పదునాలుగింటిని జీవితకాలమంతయు సరిచూచుకొన్నచో, సుమారు నూటికి నలుబదియైదు వంతుల వ్యాధిని తప్పించుటకో, వెనుకకు నెట్టుటకో వీలుండునని ఆ నిపుణులు చెప్పిరి. కావున ఖరీదైన వీణ కొనుటకు ముందు కన్నుల అద్దములు కొనుడు. అద్దములు, మంచి వెలుతురు, వీపునకు ఆనుడున్న కుర్చీ, ఇతరులు సర్దివేయని ఒక మూల: ఈ నాలుగు లేక ఏ వ్యాసంగమును నిలువదు.

ఇక వ్యాసంగముల మాట. చేతిపని తెలిసినవారికి చేతిపనియే మేలు. మిల్లులో ఫిట్టరుగా నుండినవారు చిన్న రెంచి, ఆకురాయి చేతబట్టినచో వీధిలోని కుట్టుమిషనులన్నియు సవ్యముగా నడచును. కొయ్యపని వచ్చినవారు మనుమలకు మూడుచక్రముల నడకబండి చేసి యీయవచ్చును. మట్టిని ప్రేమించువారికి మిద్దెమీద పది కుండీలు చాలును. అందులో దొండ, బీర, గోంగూర, కనకాంబరము పెంచి, విత్తనము కట్టి, కాగితపు పొట్లములలో పేరు వ్రాసి, ఇరుగుపొరుగునకు పంచినచో అది తోటపనికంటె పెద్ద పని యగును. వచ్చు ఋతువున విత్తనము కొరకు జనము ఆయన గుమ్మమునకే వత్తురు. ఆటలయందు ఆసక్తి కలవారికి చదరంగము, పులిజూదము కలవు. ఆటకు మాత్రము జోడు కావలెను. జోడు లేని ఆట మూడవనాటికి మూలబడును. పాట వచ్చినవారికి భజన యుండనేయున్నది. త్యాగరాజస్వామి తిరువైయ్యారున నివసించి తెలుగున కృతులు రచించిన దేశము మనది. తమిళుల ముంగిట తెలుగుమాట పాటగా నిత్యము వినవచ్చుచుండగా, మన పెద్దలకు పాట నేర్చుటకు గురువులు దొరకరను భయము లేదు.

తల్లుల విషయమై ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. తల్లికి పని విరమణ లేదని మనము గొప్పగా చెప్పుకొందుము. అది పూర్తిగా నిజము కాదు. కోడలు వంటయింటి బాధ్యత తీసికొన్ననాడు అత్తగారికి గల్లా దిగినట్లే యగును. తాను నలువది యేండ్లు ఏలిన చోట ఉప్పు డబ్బా స్థలము మారినను నోరు మెదపక యుండవలసిన స్థితి ఆమెది. ఆమెను "విశ్రాంతి తీసికొనుము" అని గదిలో కూర్చుండబెట్టుట మర్యాద వలె కనబడును గాని, ఆమెకది వెలి వేసినట్లు తోచును. పాత చీరలతో బొంత కుట్టుట, ఆవకాయ పాళ్లు నాలుగిండ్లవారికి నేర్పుట, చుక్కల ముగ్గులను ఒక పుస్తకమునకెక్కించుట, వామనగుంటల పీట దింపి మనుమరాండ్రతో ఆడుట, పెండ్లిపాటలు, మంగళహారతులు గొంతెత్తి పాడుచుండగా ఫోనులో పట్టి యుంచుట: ఇవన్నియు ఆమెకు తెలిసినవే. అడుగువారు లేక మాత్రమే నిలిచిపోయినవి. దండుగ యనుకొన్న చేతిఫోను ఇచ్చట మనకు గొప్పగా అక్కరకు వచ్చును.

ఇంతవరకు చెప్పినవి ఏ భాషవారి యింటికైనను చెల్లును. మన యింటికి మాత్రమే చెల్లునవి, మన పెద్దలు మాత్రమే చేయగలవి మరికొన్ని కలవు. వానిని గూర్చి చెప్పుటయే ఈ వ్యాసమున మా ముఖ్యోద్దేశము.

మన పాత యిండ్ల అటకలమీద చిట్టాలు, ఆవర్జాలు, దస్తావేజులు, ఉత్తరముల కట్టలు పడియున్నవి. అందు తెలుగు అంకెలు కలవు. నేటి పిల్లలు వానిని గుర్తింపలేరు. రూపాయలు, అణాలు, పైసలుగా లెక్కలు కలవు. రూపాయకు పదునారణాలు, అణాకు పండ్రెండు పైసలు. నూరు నయాపైసల రూపాయ 1957 ఏప్రిల్ 1వ తేదీన వచ్చినది. చిట్టాలో 3–6–9 అని యున్నచో మూడు రూపాయల ఆరణాల తొమ్మిది పైసలని తాతగారు చూడగనే చెప్పుదురు. అది నేటి లెక్కకు సుమారు 3 రూపాయల 42 పైసలు. తూకములును అట్లే. నలుబది పలములు వీసె, ఎనిమిది వీసెలు మణుగు. వీసె యనగా నేటి కొలతకు సుమారు 1,400 గ్రాములు. ఈ లెక్కలలో నోటితో బేరమాడిన తరము నేడు ఎనుబది దాటినది. 1957 నాటికి పండ్రెండేండ్ల పిల్లవాడు 1945లో పుట్టినవాడు. అతడు చదివి చెప్పగలిగినంతకాలమే ఆ కాగితములకు నోరున్నది. ఆయన పిమ్మట అవి చెదపురుగుల పాలగునో, పాతకాగితముల వాని తక్కెడకెక్కునో మనకు తెలిసినదే.

కావున తండ్రిగారి యెదుట ఒక పాత చిట్టా, ఒక క్రొత్త నోటు పుస్తకము పెట్టుడు. దినమునకొక పుట చదివి, అందలి పద్దులను నేటి అంకెలలో ఎత్తి వ్రాయుమనుడు. ఏ సరకు ఏ యూరినుండి వచ్చినది, ఎవరికి అప్పిచ్చిరి, ఏ పండుగకు ఎంత ఖర్చు చేసిరి, ఏ గుడికి ఎంత సమర్పించిరి అనునవి వరుసగా బయటపడును. ప్రతి పద్దు వెనుక ఒక కథ వారి జ్ఞప్తికి వచ్చును. దానిని ఎదుటి పుటలో వ్రాయుమనుడు. ఆరు మాసములలో అది మీ వంశచరిత్ర యగును. లెక్కలలో జీవితము గడపిన మనిషికి ఇంతకంటె ఇష్టమైన పని చూపుట కష్టము. ఆ కట్టలలో తాటాకు గ్రంథములు దొరికినచో పారవేయకుడు, తడిగుడ్డతో తుడువకుడు. చెన్నపట్టణములోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయము, తంజావూరి సరస్వతీ మహలు గ్రంథాలయము అట్టివానిని భద్రపరచు స్థానములు. ఆ రెంటను తెలుగు ప్రతులు కలవు.

కాగితములు లేని యిండ్లలో మాటలున్నవి. మనము ఇంటిలో మాటాడు తెలుగు ఆంధ్రదేశపు పత్రికలలో కానరాదు. తాతముత్తాతలు తెచ్చిన పాతమాటలు కొన్ని అచ్చట మరుగునపడియు మన నోట నిలిచియున్నవి. తమిళముతో కలిసి క్రొత్తగా పుట్టిన మాటలును కలవు. ఇట్టి పని విలువను తెలుపుటకు కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్ గ్రామమున 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ గారి జీవితము చాలును. వారి మాతృభాష తెలుగు, వ్రాసినది తమిళము. బడి చదువు స్వల్పము; వృత్తి వ్యవసాయము. తమ కరిసల్ సీమ వాడుకమాటలకు వారు నిఘంటువు కూర్చిరి. తెలుగువారు దక్షిణమునకు వలస వచ్చిన కథను 1976లో "గోపల్ల గ్రామం" నవలగా వెలువరించిరి. అందు వలసకథను చెప్పునది ఆ యింటి ముదుసలి అవ్వయే. అరువది యేండ్లు దాటిన పిమ్మట పుదుచ్చేరి విశ్వవిద్యాలయమున జానపద కథలను సేకరించు ఆచార్య పదవి వారిని వెదకికొని వచ్చెను. 1991లో సాహిత్య అకాడెమీ బహుమానము లభించెను. 2021లో, తొంబదియేండ్లు ఎప్పుడో దాటిన వయస్సున, కన్నుమూసిరి. అందరును అంతటివారు కానక్కరలేదు. ఒక్క నోటు పుస్తకమున మూడు వందల ఇంటిమాటలు, నూరు సామెతలు, పది పొడుపుకథలు వ్రాసి యుంచిన అవ్వ తన మనుమరాలికి ఒక నిధి నిచ్చినట్లే.

అక్షరముల మాటయు ఇచ్చటనే చెప్పవలెను. తమిళము మనకు అన్నము పెట్టిన భాష; దానిని చక్కగా నేర్చుట మన ధర్మము. 2006లో చేసిన చట్టము వలన తమిళము 2006–07లో ఒకటవ తరగతితో మొదలై, ఏటేట ఒక్కొక్క తరగతికి సాగి, 2015–16 నాటికి పదవ తరగతి వరకు తప్పనిసరి పాఠమైనది. ఇంగ్లీషు ఎట్లును తప్పదు. ఈ రెంటి నడుమ తెలుగు అక్షరములు నేర్చుటకు మన పిల్లలకు చాలచోట్ల బడిలో చోటు దొరకుట లేదు. వారు తెలుగు మాటాడుదురు, చదువలేరు. ఇంటిలో తెలుగు చదువనేర్చినది ఒక్క తాతగారో, నాయనమ్మగారో అయి యున్నచో, ఆ యింటికి వారే పాఠశాల. అయితే దీనిని వారి నెత్తిన ట్యూషను వలె రుద్దరాదు. వారానికి రెండు దినములు, అరగంట చొప్పున, మనుమడు తానుగా పలక పట్టుకొని వచ్చి కూర్చుండవలెను. తీసికొని వచ్చి కూర్చుండబెట్టు బాధ్యత తల్లిదండ్రులది. చెప్పు ఆనందము తాతగారిది. సి. పి. బ్రౌను దొర కుంఫిణీ కొలువు చాలించి, 1855లో ఇంగ్లండు చేరిన తర్వాత కూడ తెలుగును విడువలేదు. 1865లో లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడై, అరువదియేడేండ్ల వయస్సున పాఠము చెప్పెను. పరదేశమునందు పరభాషవానికి అంత ప్రీతి కలిగినపుడు, సొంత మనుమని యెదుట మన తాతలకు కలుగదా?

కంప్యూటరు వాడనేర్చిన పెద్దలకు మరియొక మంచి పని కలదు. కాపీహక్కు కాలము తీరిన పాత తెలుగు పుస్తకముల ఛాయాప్రతులను పుట వెంట పుటగా సరిచూచి, అందరును ఉచితముగా చదువుకొనుటకు వీలుగా తెలుగు వికీసోర్సులో స్వచ్ఛందముగా పనిచేయువారు ఉంచుచున్నారు. పాత ముద్రణలోని బండి ఱ, అరసున్నలు చూచి తొట్రుపడని కన్నులు ఆ పనికి కావలెను. అవి మన పెద్దలకే కలవు. దినమునకు రెండు పుటలు దిద్దినను, దూరముననున్న పాఠకుడొకడు ఆ పుటను రేపు చదువును. గిరాకీ యనగా ఇదియే.

వర్తకులముగా ఒక హెచ్చరిక చేయక తప్పదు. వ్యాసంగమును వ్యాపారముగా మార్చుకొనరాదు. విరమణ సొమ్ము చేతికి రాగానే "ఊరక కూర్చుండుట యెందులకు" అని తెలియని వ్యాపారమున దిగిన పెద్దలును, ఫోనులో కనబడు షేర్ల ఆశలకు లోబడిన పెద్దలును నష్టపోవుట మనము చూచుచునే యున్నాము. ఏ వ్యాసంగమునకైనను మొదట కొద్దిపాటి ఖర్చే చేయవలెను. ఒక మండలము, అనగా నలువది దినములు, దానిని పట్టి చూడవలెను. నలువదియవ దినమున ఆయన స్వయముగా వెళ్లి ఆ మూల కూర్చున్నచో అది నిలిచినట్లు. అటువైపు కన్నెత్తి చూడకున్న నిష్ఠురము లేక మరియొక దానిని ప్రయత్నింపవలెను. "అంత పోసి కొంటిమి, మూలకు పడవేసితిరి" అను మాట కుమారుల నోట రారాదు.

ఈ మాటలకు రెండు ఆక్షేపణలు వచ్చునని మేమెరుగుదుము. మొదటిది: జీవితమంతయు కష్టపడినవారిని ఇంకను పనిలో పెట్టుట యెందులకు అని. న్యాయమైన మాటయే. జపముతోనో, గుడి ప్రదక్షిణముతోనో, ఊరక కూర్చుండుటతోనో నిజముగా తృప్తి పొందువారిని కదపరాదు. అయితే ఆ తృప్తి వారిదేనా, లేక ఇతరులకు బరువు కారాదని మౌనము వహించిరా అని ఒకమారు తరచి చూడవలెను. ఊరకున్నవారందరును విశ్రమించుచున్నవారు కారు.

రెండవ ఆక్షేపణ ఎవరును పైకి చెప్పరు. దాని బలము మాత్రము ఎక్కువ. తండ్రి అరుగుమీద కూర్చుండి కుట్టుమిషను బాగుచేయుచున్నచో, దారిన పోవువారు "కొడుకులు చూచుట లేదు కాబోలు" అందురేమోనను సంకోచము. ఈ సంకోచము వలన ఎన్నో మంచి చేతులు ఒడిలో ముడుచుకొని యున్నవి. కుమారుని గౌరవము కొరకు తండ్రి దినములను ఖాళీ చేయుట ఏ ధర్మము? వృద్ధులైన తల్లిదండ్రుల పోషణకు 2007లో కేంద్ర ప్రభుత్వము చట్టమే చేసినది. అన్నము, వస్త్రము, మందు, వసతి అడుగుటకు అందు వారికి హక్కు కలదు. "నాకొక పని యుండనిమ్ము" అని అడుగుటకు ఏ చట్టమునందును చోటు లేదు. దానిని ఇచ్చుట కుమారుల, కోడండ్ర, కుమార్తెల వివేకమునకు విడువబడినది. లోకులు ఒక దినము అందురు; తండ్రి ఇరువది యేండ్లు బ్రతుకవలెను.

కావున కుమారులు చేయవలసిన ముఖ్యమైన పని వస్తువులు కొని తెచ్చుట కాదు. మొదటి గిరాకీదారు తామగుటయే. ఆయన పెంచిన బీరకాయ ఆనాటి కూరలోనికి రావలెను. ఆయన ఎత్తి వ్రాసిన పుటను రాత్రి భోజనమైన తర్వాత ఇంటిల్లిపాదికి చదువుమని అడుగవలెను. అమ్మ కుట్టిన బొంత పెట్టెలో దాచక పక్కమీద పరువవలెను. తప్పులున్నచో దిద్దబూనక, తెలియనిదానిని అడిగి తెలిసికొనవలెను. "తరువాతి పుట యెప్పుడు?" అను ఒక్క ప్రశ్న ఖరీదైన కానుకలు చేయలేని పనిని చేయును.

సంఘము చేయవలసినదియు కలదు. ప్రతి ఆదివారము ఉదయము తొమ్మిది గంటల నుండి పదునొకండు వరకు మన సంఘపు చదువుగదిలో ఒక పెద్ద బల్ల, మంచి దీపము, భూతద్దము పెద్దల కొరకు ప్రత్యేకింపవలెనని సాటి కార్యవర్గ సభ్యులను కోరుచున్నాము. పాత చిట్టాలు, ఉత్తరములు తెచ్చి చదువదలచినవారు చదువవచ్చును. అక్షరములు నేర్వగోరు పిల్లలు వారి పక్కన కూర్చుండవచ్చును. చదరంగపు పలక, వామనగుంటల పీట అచ్చటనే యుంచవచ్చును. నడువలేనివారిని తీసికొని వచ్చి, మరల ఇంటికి చేర్చుటకు యువకులు వంతులు వేసికొనవలెను. ఇందుకు విరాళములు వసూలు చేయనక్కరలేదు. రెండు గంటల కాలము చాలును.

పాఠకులను మేము కోరునది ఒక్కటి. ఈ వారము ఒక సాయంకాలము అంగడి అరగంట ముందు కట్టి, తండ్రిగారి పక్కన కూర్చుండుడు. చిన్ననాట ఏది విడిచిపెట్టిరో అడుగుడు. తల్లిగారిని కూడ అదే ప్రశ్న అడుగుడు. చెప్పిన సమాధానమును నాలుగు పంక్తులలో మాకు వ్రాసి పంపుడు. అందులో ఏది నేర్పువారు, ఏది నేర్వగోరువారు మన కుటుంబములలో ఎవరెవరున్నారో జతపరచి, వచ్చు సంచికలనుండి ఈ పుటలోనే ప్రకటింతుము.